వెనక్కి తీసుకున్న రిపోర్టు

జర్మనీలోని ఆకెన్‌లో చదువుకోవడానికి వచ్చి, చదువయ్యాక ఇక్కడి లాబుల్లో ఉద్యోగాలు చూసుకున్న మన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి భోజనానికి వస్తుంటారు. ముద్దపప్పు రెండోసారి వడ్డించుకున్నాక వాళ్ళలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. "ఆంటీ, ముప్పై ఏళ్ళు మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు కదా, మీరు కనిపెట్టిందేమిటి?"

ఏమీ కనిపెట్టలేదు. నేను శాస్త్రవేత్తను కాను, ఆస్పత్రి లాబులో టెక్నీషియన్ని. కిటికీలోంచి సైకిళ్ళ స్టాండు తప్ప మరేదీ కనిపించని గదిలో, మిగతావాళ్ళు ముక్కు మూసుకునే డబ్బాల మూతలు తీసి చూడటం నా ఉద్యోగం. పరాన్నజీవుల బల్ల అనేవారు నా బల్లని. ఆ బల్ల దగ్గర భోజనం మాట ఎత్తితే మా వాళ్ళు లేచి వెళ్ళిపోయేవారు. నాకు మాత్రం అలవాటైపోయింది. ఇంటికొచ్చి సుబ్బరంగా తినేదాన్ని.

అయితే గర్వంగా చెప్పుకునే పని ఒకటి చేశాను. వినయం నటించడం నాకు చేతకాదు కాబట్టి నేరుగానే చెబుతాను. ఒకసారి నేను సంతకం పెట్టి పంపిన రిపోర్టుని నేనే వెనక్కి తీసుకున్నాను. అందులో గర్వపడేదేముందని మీకనిపిస్తే చివరిదాకా చదవండి. ఇలాంటివి ట్రైనింగులో చెప్పరు.

పదేళ్ళ కిందటి మాట. ఫిబ్రవరి నెల, కాలువలు గడ్డకట్టిన వారం. సోమవారం పొద్దున వచ్చిన డబ్బాల్లో ఒకదాని మీద మన పేరు కనిపించింది. ఇక్కడ ఎన్నేళ్ళున్నా జాబితాలో తెలుగు పేరు కనబడితే కన్ను అక్కడ ఆగుతుంది. పెద్దాయన, డెబ్బై దాటినవాడు. ఆయన సంగతి నాకు తర్వాత తెలిసింది. గోదావరి పక్క బొగ్గు బావుల్లో కుర్రతనంలో పని చేసి, ఈ దేశంలోని క్లాస్తాల్‌కి మైనింగు చదవడానికి వచ్చి, ఆ తర్వాత మా ఆకెన్ చుట్టుపక్కల గనులు మూతపడేదాకా వాటిలోనే ఇంజినీరుగా చేశాడు. ఇప్పుడు మూత్రపిండాలు వాచిపోయాయి. గురువారం ఆస్పత్రిలో చేర్చుకుని రక్తనాళం ద్వారా పెద్ద మోతాదులో కార్టిజోన్, అంటే వాపుని అణిచే స్టెరాయిడ్ మందు, ఎక్కించాలని డాక్టర్ల నిర్ణయం. అంతకుముందు మూడు రోజుల మలం పరీక్ష చేసి ఒక పురుగు ఉందో లేదో చెప్పమని చీటీ.

ఆ పురుగు పేరు స్ట్రాంజిలాయిడిస్. జర్మన్లు మరుగుజ్జు దారప్పురుగు అంటారు. తడిమట్టిలో బతుకుతుంది. చెప్పుల్లేని పాదం దొరికితే చర్మం తొలుచుకుని లోపలికి వస్తుంది. రక్తంలో పడి ఊపిరితిత్తులకి వెళ్ళి, దగ్గుతో గొంతులోకి వచ్చి, మింగగానే పేగుకి చేరుతుంది. మిగతా పురుగులు గుడ్లు బయటికి పంపించేసి కొన్నాళ్ళకి ముసలివై పోతాయి. దీని లెక్క వేరు. దీని గుడ్లు పేగులోనే పిల్లలవుతాయి. ఆ పిల్లల్లో కొన్ని బయటికి పోకుండా అదే మనిషి ఒంట్లోకి మళ్ళీ దూరతాయి. అంటే పాతికేళ్ళ వయసులో కాలికి అంటిన మట్టి డెబ్బై అయిదేళ్ళప్పుడు కూడా వదలదు. మనిషి దేశం మారినా, బూట్లు తొడిగినా, పింఛను తీసుకున్నా అది లోపలే ఉంటుంది.

మరి ఒంట్లో కాపలా లేదా అని అడగొచ్చు. ఉంది. ఇసినోఫిల్స్ అని ఒక రకం తెల్లకణాలు ఉంటాయి. రంగు వేసి చూస్తే లోపలంతా ఎర్రటి గింజలతో దానిమ్మపండు కోసినట్టుంటాయి. అవి పురుగు పిల్ల చుట్టూ గుంపుగా అతుక్కుని తమలోని విషాన్ని దాని మీద కుమ్మరిస్తాయి. మామూలుగా అయితే పురుగు పని అక్కడితో సరి. కానీ మన ఒంట్లోనే ఇంకో రకం కణాలు ఉంటాయి. గొడవ మరీ ముదిరితే ఇల్లే తగలబడుతుందని మిగతా కణాలకి సర్దిచెప్పి వెనక్కి లాగేవి. అవి లేకపోతే మన సైన్యం మనల్నే తినేస్తుంది. ఈ పురుగు ఏవో పదార్థాలు వదిలి ఆ సర్దిచెప్పే కణాలని తనవైపు తిప్పుకుంటుంది. దాంతో ఇసినోఫిల్స్ పురుగుని పూర్తిగా చంపలేవు, అలాగని పెరగనూ ఇవ్వవు. రోజూ కొన్ని పిల్లల్ని చంపుతూ సంఖ్యని అదుపులో ఉంచుతాయి. ఈ రాజీ దశాబ్దాలు నడుస్తుంది. మనిషికి ఎప్పుడైనా పురుగు పిల్లలు పాకి నడుం దగ్గర దురద వస్తే సబ్బు మారుస్తాడు.

కార్టిజోన్ ఎక్కించిన మరుక్షణం ఆ రాజీ చెడిపోతుంది. కాపలా కణాలు చచ్చుబడతాయి, పురుగు పిల్లలు వేలకివేలు పేగు గోడ దాటి ఊపిరితిత్తులకి, మెదడుకి వెళ్తాయి. పేగులోని సూక్ష్మజీవులని వెంటబెట్టుకుని మరీ వెళ్తాయి. అప్పుడు మనిషి దక్కడం కష్టం. పురుగు ఉందని ముందే తెలిస్తే మాత్రం రెండు రోజుల మాత్రలతో పోతుంది. కాబట్టి చీటీలోని ఆ చిన్న ప్రశ్న మీద పెద్దాయన ప్రాణం ఆధారపడి ఉంది.

సోమవారం డబ్బా తీసుకుని నా పద్ధతిలో పరీక్ష పెట్టాను. పద్ధతి చాలా తేలిక. గరాటులో గోరువెచ్చని నీళ్ళు పోసి, పైన జల్లెడ గుడ్డలో నమూనా ఉంచుతాం. పురుగు పిల్లలకి వెచ్చదనం ఇష్టం. పాక్కుంటూ నీళ్ళలోకి దిగి అడుగుకి చేరతాయి. అడుగునుంచి చుక్కలు తీసి చూడటమే. సోమవారం ఏమీ లేదు, మంగళవారం కూడా ఏమీ లేదు. "రెండు నమూనాల్లో పురుగు పిల్లలు కనబడలేదు, మూడోది రావాలి" అని రాసి సంతకం పెట్టాను. కిడ్నీ వార్డువాళ్ళు అది చదివి గురువారం పది గంటలకి మందు ఖాయం చేసుకున్నారు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. ఆ రెండు డబ్బాలూ నా చేతికి వచ్చినప్పుడు వాటి మీద సన్నటి మంచు పొర ఉంది. చలికాలం కదా, బండిలో వచ్చేటప్పుడు చల్లబడి ఉంటాయనుకుని గుడ్డతో తుడిచి పని మొదలుపెట్టాను. పైగా, ఎంత బాగా చల్లగా ఉంచారో అని మెచ్చుకున్నాను కూడా. నా బల్ల మీదికి వచ్చే చాలా పరీక్షలకి చల్లదనం మంచిది. ఈ ఒక్క పురుగుకి మాత్రం పనికిరాదు, అది నాకు తెలుసు. పరీక్ష రాసి పాసైన దాన్ని. కానీ ఏళ్ళ తరబడి ఒకే పని చేస్తే చెయ్యి తన మానాన చేసుకుపోతుంది, బుర్ర పక్కన కూర్చుని చూస్తుంటుంది.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసింది. "ఇక్కడొకావిడ డబ్బా తెచ్చి, కౌంటరు మీద పెట్టమంటే పెట్టడం లేదు. మీ భాష అనుకుంటాను. ఒకసారి రండి."

వెళ్ళాను. పొడుగు కోటు, దాని కింద నేత చీర, తలకి ఉన్ని టోపీ. చెయ్యి బారుగా చాపి, దాని చివర ఒక సంచి. సంచిలో ఇంకో సంచి, అందులో మరొకటి. అంతమంది మనుషులు చెయ్యిపెట్టే బల్ల మీద దాన్ని ఎలా పెట్టాలా అని ఆవిడ నిలబడిపోయింది. పెద్దాయన భార్య.

"ఇలా ఇవ్వండమ్మా," అన్నాను తెలుగులో.

ఆవిడ మొహం విప్పారింది. "తెలుగోళ్ళేనా బిడ్డా. ఇగ నాకు ధైర్యమొచ్చింది. పొద్దుగాల డాక్టరు దగ్గెర డబ్బాలు తీస్కపోయే బండి వెళ్ళిపోయిందట, అందుకే నేనే బస్సెక్కి వచ్చిన. మీరు రాసినట్టే సల్లగ పెట్టిన, ఏం ఫికర్ లేదు."

సంచి నా చేతికి అందగానే పైనుంచే నొక్కి చూశాను. లోపల డబ్బా రాయిలా గట్టిగా ఉంది.

"ఎక్కడ పెట్టారమ్మా?"

"మీ కాయితంల ఫ్రిజ్‌ల పెట్టుమని ఉన్నది. ఎట్ల పెడ్తం బిడ్డా? పాలు, పెరుగు, దేవునికి పెట్టేటియి అన్నీ అండ్లనే ఉంటయి. ఆయన పెడ్దమన్నడు, జర్మనోళ్ళు పెట్టుకుంటరట. నేను ఒప్పుకోలె. బాల్కనీల పెట్టిన. ఫ్రిజ్ కన్న ఎక్కువనే సలి ఉన్నది గద."

"మొన్న, నిన్న కూడా బాల్కనీలోనేనా?"

"మూడు దినాలూ. ఎందుకు, తప్పయిందా?"

తప్పు ఆవిడది కాదు. ఫ్రిజ్‌లో పెట్టమని రాసిన కాగితం మాది, అన్ని పరీక్షలకీ కలిపి ఒకటే అచ్చు. ఆవిడ దాన్ని మాకంటే నిక్కచ్చిగా పాటించింది, అంతే. తెలుగింటి ఫ్రిజ్‌లోకి ఆ డబ్బా ఛస్తే పోదని ఈ ఆస్పత్రి మొత్తంలో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఆ మంచు పొర చూసి అడగాల్సింది నేను. గడ్డకట్టిన నమూనాలో పురుగు పిల్లలు ఉన్నా చచ్చి ఉంటాయి. చచ్చినవి పాకవు, గరాటు అడుగుకి రావు. నా రెండు "కనబడలేదు"లకీ విలువ లేదు. మర్నాడు పది గంటలకి ఆయనకి మందు ఎక్కిస్తున్నారు.

"తప్పు మాదేనమ్మా," అన్నాను. "కానీ నాకు ఇంకోటి కావాలి. కొత్తది, వెచ్చగా ఉన్నది. ఆయన ఎన్నింటికి వెళ్తారు?"

ఆవిడ సిగ్గుపడుతూనే చెప్పింది. "ఐదింటికి. బావిల మొదటి షిఫ్టు చేసిన అలవాటు. ఒక్కదినం తప్పడు."

"అయితే రేపు ఐదింటికి తీసుకుని మొదటి బస్సుకి తెచ్చేయండి. ఆయన ఎనిమిదింటికి ఆస్పత్రికి వచ్చేదాకా ఆగితే నాకు టైము చాలదు. చల్లబడకూడదు. కోటు లోపల, ఒంటికి ఆనించి పెట్టుకుని రావాలి."

ఆవిడ చాలాసేపు నా మొహంలోకి చూసింది. ఫ్రిజ్‌లో పెట్టనన్న మనిషిని ఒంటికి ఆనించుకోమంటున్నాను. ఎందుకో నాలుగు ముక్కల్లో చెప్పాను, పురుగు సంగతి, మందు సంగతి. "తెస్త," అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మా లాబు పెద్ద దగ్గరికి వెళ్ళాను. ఆవిడ డాక్టరు. గట్టి మనిషి, నాకు ఆవిడంటే గౌరవం, కాస్త భయం. రెండు వారాల్లో మా లాబుకి ఆడిట్ ఉంది. ఫైళ్ళన్నీ వరస పెట్టించి, పెన్సిల్‌తో రాసినవి కూడా చెరిపించి కూర్చుంది. నేను జరిగిందంతా చెప్పాను, మంచు పొర సంగతి దాచకుండా.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "రేపు పొద్దున కొత్త నమూనా వస్తుందిగా. అందులో పురుగు దొరికితే ఆ ఫలితంతో పాటే పాత రిపోర్టు దిద్దుదాం. దొరక్కపోతే పాతది కూడా నిజమే అవుతుంది. ఈ రాత్రికి వెనక్కి తీసుకోవలసిన అవసరం ఏముంది?"

న్యాయమైన మాటే. ఒక్క పూట ఆగితే నా పేరు బయటపడకుండా పోయే అవకాశం సగానికి సగం ఉంది. రిపోర్టు వెనక్కి తీసుకోవాలంటే ఒక ఫారం ఉంటుంది. కారణం రాయాలి, ఎవరి పొరపాటో రాయాలి. అది ఫైలులో ఎప్పటికీ ఉంటుంది, ఆడిట్‌కి వచ్చినవాడు మొదట తెరిచేది ఆ ఫైలే. పరాయి దేశంలో, పరాయి భాషలో, వయసు ముప్పై దాటాక పరీక్షలు రాసి సంపాదించుకున్న ఉద్యోగం నాది. ఒక్క మచ్చ లేకుండా రిటైరవ్వాలని ఆశ. అబద్ధమెందుకు, ఊగాను.

"కంప్యూటర్లో 'కనబడలేదు' అని ఉన్నంతసేపు ఎవరైనా చదువుతారు," అన్నాను చివరికి. "రాత్రి డ్యూటీ డాక్టరు చదివి పొద్దున్నే మందు మొదలుపెట్టొచ్చు. ఉందో లేదో నాకు తెలియదు. తెలియదు అనే కదా రాయాలి."

ఆవిడ ఫారం తీసి నా ముందు పెట్టింది. పొరపాటు ఎవరిది అనే చోట మా కాగితం గురించి రాశాను, కింద నా గురించి కూడా రాశాను. "నమూనా గడ్డకట్టి ఉండటం గమనించి కూడా తిరస్కరించలేదు" అని. జర్మన్‌లో ఆ వాక్యం రాయడానికి నాకు పావుగంట పట్టింది. ఆవిడ చదివి, ఒక కామా పెట్టి, సంతకం చేసింది.

తర్వాత వార్డుకి ఫోన్ చేశాను. కుర్ర డాక్టరు ఎత్తాడు. మంచివాడే కానీ అలిసిపోయి ఉన్నాడు.

"రెండుసార్లు లేదన్నది మీరే కదా. పైగా ఆయన రక్తంలో ఇసినోఫిల్స్ మామూలుగానే ఉన్నాయి. పురుగుంటే పెరగాలి."

"ఆయన ఆరు నెలలుగా కీళ్ళనొప్పులకి కార్టిజోన్ మాత్రలు వేసుకుంటున్నారు. చిన్న మోతాదే, కానీ ఆ లెక్క తగ్గించడానికి అది చాలు. పాత రిపోర్టులు తీసి చూశాను. అంతకుముందు పదేళ్ళూ ప్రతిసారీ ఎక్కువగానే ఉన్నాయి. ప్రతిసారీ పక్కన 'అలర్జీ కావచ్చు' అని రాసుంది."

"పురుగు మాత్రలు మా దగ్గర లేవు, తెప్పించాలి. కిడ్నీలు రోజురోజుకీ పాడవుతున్నాయి. అనుమానం మీద ఆపలేను. రుజువు ఇవ్వండి, ఆపుతాను. పది గంటల వరకే."

గురువారం ఆరున్నరకి ఆవిడ వచ్చింది. లాబు తలుపు దగ్గర, కోటు గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని, రెండు చేతులూ పొట్ట మీద ఆనించుకుని నిలబడింది. లోపలికి తీసుకొచ్చాక గుండీలు విప్పి, శాలువా మడతల్లోంచి ఆయన ఉన్ని సాక్సులో చుట్టిన డబ్బా బయటికి తీసింది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

"బస్సుల ఒక పిలగాడు లేచి సీటిచ్చిండు," అంది. "కడుపు నొప్పనుకున్నడేమొ పాపం. నేను చెయ్యి తియ్యలె, అట్లనే పట్టుకొని కూసున్న. నన్ను ముట్టకు బిడ్డా, ఇంటికి వొయ్యి తానం చెయ్యాలె." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఆయనకేం గాదు గద?"

"చూస్తానమ్మా," అన్నాను.

గరాటు పెట్టాను. నీళ్ళ వెచ్చదనం నిమిషనిమిషానికీ చూశాను. ఎనిమిదింటికి మొదటి చుక్కలు తీశాను, ఏమీ లేదు. ఎనిమిదిన్నరకి మళ్ళీ తీశాను. పిండి రేణువులు, జీర్ణంకాని కూర పీచులు. నా పక్క బల్ల మీద పని చేసే ముసలాయన ఒకడున్నాడు. ఇక్కడివాడే, ఈ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాడు. నేను చేరిన కొత్తలో స్లైడు ఎలా చూడాలో నేర్పింది ఆయనే. రోజుకి పది మాటలకి మించి మాట్లాడేవాడు కాదు. ఆ పొద్దున తన పని పక్కకి జరిపి, రెండో మైక్రోస్కోపు దీపం వెలిగించి, "సగం ఇటివ్వు," అన్నాడు.

తొమ్మిదింటికి వార్డునుంచి ఫోన్. ఇంకా లేదని చెప్పాను. తొమ్మిదింబావుకి మళ్ళీ ఫోన్. మందు సీసా తగిలించారట. నేను స్లైడు కంటే గోడ మీది గడియారాన్నే ఎక్కువ చూస్తున్నాను.

"గడియారం అటు తిప్పు," అన్నాడు ముసలాయన. తనే లేచి తిప్పాడు. "నిదానంగా చూడు. ఒక మూలనుంచి మొదలుపెట్టు."

మూలనుంచి మొదలుపెట్టాను. ఒక వరస, దాని కింద ఇంకో వరస, పొలం దున్నినట్టు. నాలుగో స్లైడులో, కుడివైపు అంచున, ఏదో కొట్టుకుంది. చూపు అక్కడికి తెచ్చాను. సన్నటి, గాజులాంటి ఒళ్ళు. కొరడాలా అటూ ఇటూ విదిలించుకుంటూ ఈదుతోంది. నోటి గొట్టం పొట్టిగా ఉంది, కాబట్టి చూడటానికి ఇలాగే ఉండే కొంకిపురుగు పిల్ల కాదు, అదే. నిజం చెబుతున్నాను, నా ఉద్యోగంలో అంత అందమైన పురుగుని నేను చూడలేదు.

కుర్చీ వెనక్కి జరిపాను. ముసలాయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. మా దగ్గర నియమం, ఇద్దరు చూస్తేగాని ఉన్నట్టు కాదు. "ఊఁ," అన్నాడు. "ఉంది." తర్వాత తన స్లైడు నాకు చూపించాడు. అందులో రెండున్నాయి.

తొమ్మిదీ నలభైకి వార్డుకి ఫోన్ చేశాను. అయిదు నిమిషాల్లో ఆ కుర్ర డాక్టరు మెట్లు దిగి మా గదికి వచ్చాడు. డాక్టర్లు మా గదికి రావడం అంటే సూర్యుడు పడమట పొడిచినట్టే. వంగి చూస్తూ ఉండిపోయాడు. ఊపిరి తీసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. తల ఎత్తకుండానే జేబులోంచి ఫోను తీసి పైనున్న వార్డుకి చేశాడు. "సీసా తీసేయండి. అవును, పూర్తిగా తీసేయండి." అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ముసలాయన కిటికీ తెరిచి సైకిళ్ళ స్టాండుని శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాడు.

మాత్రలు ఆ మధ్యాహ్నమే పక్క ఊరినుంచి తెప్పించారు. ముందు పురుగుకి వైద్యం, నాలుగో రోజున కార్టిజోన్. కిడ్నీలు నిలబడ్డాయి. కొంత దెబ్బ తిన్నాయి కానీ డయాలిసిస్ మిషను అవసరం రాలేదు. రెండు వారాల తర్వాత ఆడిట్‌కి వచ్చినాయన నా ఫారం చదివాడు, రెండోసారి చదివాడు. "ఫలితం దొరక్కముందే వెనక్కి తీసుకున్నారా?" అని తేదీ, టైము వేలితో చూపించాడు. మా పెద్ద నావైపు చెయ్యి చూపి, "ఆవిడ తీసుకున్నారు," అంది. ఆ మాట ఆవిడ అన్న తీరు నాకు జీతం పెంచినదానికంటే ఎక్కువ. ఆయన ఒక టిక్కు పెట్టి పేజీ తిప్పాడు.

పిల్లలూ, పురుగుని పట్టుకున్నందుకు నాకు గర్వమే, కాదనను. కానీ గురువారం ఒక్క పురుగు కూడా దొరక్కపోయి ఉంటే? బుధవారం సాయంత్రం రాసిన వాక్యం అప్పుడు కూడా సరైనదే. నా గర్వం ఎక్కువగా ఆ వాక్యం గురించి. దొరికిన తర్వాత దిద్దుకోవడం ఎవరైనా చేస్తారు. ఉందో లేదో తెలియని పూట, తెలియదని రాసి కింద పేరు పెట్టడం కష్టం. ఆ కష్టం చేశాను. మీకూ ఒక బుధవారం వస్తుంది. దానికి సిద్ధంగా ఉండండి.

మే నెలలో పెద్దాయన మా పెద్ద అనుమతి తీసుకుని లాబుకి వచ్చాడు. ఆయన్ని నేను చూడటం అదే మొదటిసారి. సన్నటి మనిషి, చేతికర్ర, ఇస్త్రీ చొక్కా. ఆయన భార్య లోపలికి రానని బయట కుర్చీలో కూర్చుంది. ఆయనకి ఆ పురుగుని చూడాలని ఉంది. ఒకటి మందులో భద్రం చేసి దాచాను. స్లైడు పెట్టి, కుర్చీ సర్ది ఇచ్చాను.

ఆయన గనిలో బొగ్గు పొర చూసే మనిషిలాగే చూశాడు. తొందర లేదు.

"ఇది నా ఒంట్ల ఎప్పటిసంది ఉన్నదమ్మా?"

"చిన్నప్పుడు బావుల్లో పని చేశారు కదండీ. బహుశా అప్పటినుంచే."

"యాభై ఏండ్ల పైమాటే. మరి నా నెత్తురు దీన్ని ఎందుకు పట్టలే? గంత శాతకానిదా?"

"చేతకానిది కాదండీ. అది మీ కణాలకే సర్దిచెప్పి, తనని పూర్తిగా చంపకుండా చూసుకుంది. కానీ పెరగనివ్వకుండా మీ కణాలు యాభై ఏళ్ళూ దాన్ని పట్టి ఉంచాయి. ఒక్కరోజు కూడా మానలేదు. మానితే మీరు ఎప్పుడో పోయేవారు."

ఆయన మైక్రోస్కోపు మీదినుంచి తల ఎత్తాడు. కళ్ళు తుడుచుకున్నాడు, వెలుగు ఎక్కువైందని చెప్పాడు. చేతికర్ర ఊతంగా లేచి నిలబడి, నా చెయ్యి పట్టుకుని, "గ్లూక్ అవుఫ్," అన్నాడు. ఇక్కడి గనివాళ్ళు లోపలికి దిగేటప్పుడూ పైకి వచ్చినప్పుడూ ఒకరికొకరు చెప్పుకునే మాట అది. క్షేమంగా పైకి రా అని.

నేను జవాబిచ్చేలోపే పక్క బల్ల దగ్గర కుర్చీ కిర్రుమంది. రోజుకి పది మాటలు మాట్లాడే ముసలాయన లేచి, తెల్లకోటు సరిచేసుకుని, నిటారుగా నిలబడ్డాడు. ఆయన తండ్రి ఆ గనుల్లోనే పని చేసేవాడని, ఒక రోజు దిగి పైకి రాలేదని, ఇరవై ఏళ్ళు పక్కన కూర్చున్న నాకు ఆ సాయంత్రం గాని తెలియలేదు.

"గ్లూక్ అవుఫ్," అన్నాడు ముసలాయన.